రీడింగుల్లోంచి సమీకరణం పట్టడం ఎలా: ముందు డ్రమ్ము, తర్వాత రొయ్యల చెరువు

మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. భీమవరంలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. నాన్నగారిది ఎకరంన్నర వనామీ రొయ్యల చెరువు. రెండేళ్ళ కిందట శ్రావణమాసంలో మూడు రోజులు ముసురు పట్టి, నాలుగో రోజు తెల్లవారుజామున మూడింటికి, నీళ్ళలో ఆక్సిజన్ చాలక రొయ్య తేలింది. కరెంటు పోలేదు. నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు నాలుగూ తిరుగుతూనే ఉన్నాయి. టార్చిలైటు వేస్తే గట్టు వారంట నీళ్ళ మీద ఎర్రగా మెరిసే కళ్ళే కళ్ళు. ఆ పంటలో సగం పోయింది. "ఇంకో రెండు ఏరియేటర్లు వేసుంటే నిలబడేదేమోనమ్మా" అన్నారు నాన్నగారు, మొలలోతు నీళ్ళలో నిలబడి.

ఆ "ఏమో" నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఎన్ని ఏరియేటర్లు చాలతాయో మా చెరువు రీడింగుల నుంచే లెక్కగట్టడం నేర్చుకోవడానికి దాదాపు రెండు పంటలు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను. కాస్త పైథాన్ వచ్చి, ఇంటర్‌లో చదివిన కాలిక్యులస్ కొంచెం గుర్తుంటే చాలు.

మెషిన్ లెర్నింగ్ అనగానే నిన్నటి అంకెలు మింగి రేపటి అంకె చెప్పే యంత్రం గుర్తొస్తుంది. అది ఎందుకు అలా చెప్పిందో మనకి తెలియదు. ఏరియేటర్ల సంఖ్య మారిస్తే ఏమవుతుందని అడిగితే, అలాంటి రోజు అది ఎప్పుడూ చూసి ఉండదు కాబట్టి దాని జవాబును నమ్మలేం. సమీకరణాన్నే కనిపెట్టించే దారి వేరే ఉంది. 2009లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ ష్మిట్, హాడ్ లిప్సన్ లోలకాల కదలికల కొలతలు మాత్రమే ఇచ్చి, వాటి వెనక ఉన్న సూత్రాలని కంప్యూటరు చేత వెతికించారు. 2016లో స్టీవెన్ బ్రంటన్, జాషువా ప్రాక్టర్, నేథన్ కట్జ్ ఇంకా తేలికైన పద్ధతి చెప్పారు. దాన్ని సిండీ అంటారు. పైథాన్‌లో పైసిండీ అన్న పేరుతో ఉచితంగా దొరుకుతుంది. నేను వాడేది అదే.

దాని ఆలోచన ఇంతే. ఏదైనా మారుతూ ఉందంటే, అది మారే వేగం కొన్ని పదాల మొత్తం. ఏ పదాలో మనకి తెలియదు కాబట్టి, అయ్యుండచ్చు అనిపించినవన్నీ ఒక బుట్టలో వేస్తాం. యంత్రం ముందు ప్రతి పదానికీ కనిష్ఠ వర్గాల పద్ధతిలో (కొలతకీ లెక్కకీ ఉన్న తేడాల వర్గాల మొత్తం వీలైనంత తగ్గేలా) ఒక గుణకం ఇస్తుంది. మనం పెట్టిన హద్దు కన్నా చిన్న గుణకం వచ్చిన పదాలని తీసి అవతల పెట్టి, మిగిలినవాటికి మళ్ళీ లెక్క కడుతుంది. ఇక తీయడానికి ఏమీ లేనప్పుడు ఆగుతుంది. ప్రకృతిలో చాలా సూత్రాలు మూడు నాలుగు పదాల్లో ఇమిడిపోతాయన్న నమ్మకం మీద ఈ పని అంతా నడుస్తుంది. 2016 నాటి ఆ పరిశోధనలో వాళ్ళు వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ 1963లో రాసిన మూడు సమీకరణాలని డేటా నుంచే తిరిగి రాబట్టి చూపించారు.

ముందు డ్రమ్ముతో మొదలుపెట్టండి

నేరుగా చెరువు మీదకి వెళ్ళకండి. జవాబు ముందే తెలిసిన పని ఒకటి చేసి, మీ చేతినీ మీ ప్రోగ్రామునీ పరీక్షించుకోండి. నేను మా పెరట్లో ఉన్న 200 లీటర్ల నీలం డ్రమ్ము తీసుకున్నాను. పైమూత కోయించి, అడుగు నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తులో అరంగుళం కన్నం పెట్టించాను. లోపల టైలరు టేపు అంటించి, నీళ్ళు నింపి, కన్నానికి బిరడా పెట్టి, ఫోన్‌లో వీడియో ఆన్ చేసి బిరడా లాగేశాను. తర్వాత వీడియో చూసి పావు నిమిషానికోసారి నీటి ఎత్తు రాసుకున్నాను.

1643లో ఇటలీ శాస్త్రవేత్త టోరిసెల్లీ చెప్పినదాని ప్రకారం కన్నంలోంచి నీరు దూకే వేగం, పైన ఉన్న నీటి ఎత్తు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి యంత్రం చెప్పాల్సిన జవాబు "ఎత్తు మారే వేగం = ఏదో ఒక అంకె × √ఎత్తు". నా బుట్టలో వేసినవి: స్థిరాంకం, ఎత్తు, ఎత్తు వర్గం, √ఎత్తు.

మొదటిసారి వచ్చింది చూసి టెన్షన్ పడ్డాను. నాలుగు పదాలూ ఉన్నాయి, గుణకాలు ఒకటి పెద్ద ప్లస్, ఇంకొకటి పెద్ద మైనస్. హద్దు మార్చాను, బుట్ట మార్చాను. రెండు సాయంత్రాలు అలాగే పోయాయి. మూడో రోజు బియ్యం చెరుగుతూ అమ్మ అడిగింది: "నీళ్ళు కన్నం దగ్గర ఆగిపోతాయి కదే, నువ్వు అడుగు నుంచి ఎందుకు కొలుస్తున్నావు?" అంతే. నేను 4 సెంటీమీటర్లు కలిపి రాస్తున్నాను. √ఎత్తు కాస్తా √(ఎత్తు − 4) అయిపోయింది. ఆ పదం నా బుట్టలో లేదు. లేని పదాన్ని తెచ్చిపెట్టలేక, యంత్రం ఉన్న నాలుగింటినీ అటూ ఇటూ వంచి అతికించింది.

సున్నాని కన్నం మధ్యకి మార్చాక ఒక్క పదం మిగిలింది:

ఎత్తు మారే వేగం = −0.85 × √ఎత్తు

ఎత్తు సెంటీమీటర్లలో, వేగం నిమిషానికి. 70 సెంటీమీటర్ల దగ్గర మొదలైన నీరు మొదటి నిమిషంలో 7 సెంటీమీటర్లు దిగింది. పదో నిమిషం దాటాక నిమిషానికి 3.3 మాత్రమే. ఇక చేత్తో సరిచూడండి. డ్రమ్ము లోపలి వ్యాసం 56 సెంటీమీటర్లు, కన్నం 1.27. కన్నం దాటగానే నీటి ధార సన్నబడుతుంది కాబట్టి పుస్తకాల్లో 0.62 అన్న సవరణ ఉంటుంది. ఆ మూడూ, భూమ్యాకర్షణా వేసి లెక్క కడితే 0.85 వస్తుంది. కాగితం మీద కట్టిన లెక్కా, వీడియోలోంచి తీసిన అంకే ఒక్కటి కావడం చూసిన సాయంత్రం నేను మర్చిపోలేను. మా విద్యార్థులకి ఇప్పుడు ప్రతి ఏడూ ఇది చేయిస్తున్నాను.

బుట్టలోంచి √ఎత్తు తీసేసి మళ్ళీ ఒకసారి నడపండి. యంత్రం "లేదు" అనదు. ఎత్తు, ఎత్తు వర్గం కలిపి చూడటానికి బాగానే ఉన్న గీత ఒకటి గీసి ఇస్తుంది. ఆ గీతతో డ్రమ్ము ఎప్పుడు ఖాళీ అవుతుందని అడిగితే తప్పు సమయం చెబుతుంది. ఈ పనిలో అసలు తెలివి బుట్ట నింపడంలో ఉంది, అది మన వంతు.

చెరువు దగ్గర కొలతలు

చెరువులో మనకి కావాల్సినవి మూడు: నీళ్ళలో కలిసిన ఆక్సిజన్ (దీన్నే డీవో అంటారు), వెలుతురు, ఏ సమయంలో ఎన్ని ఏరియేటర్లు తిరుగుతున్నాయి. పది నిమిషాలకోసారి చాలు. ఉష్ణోగ్రత, సెలినిటీ (నీటిలో ఉప్పు) రోజుకి రెండుసార్లు రాసుకోండి.

డీవో ప్రోబ్‌కి, అంటే మీటరుకి నీళ్ళలో మునిగి ఉండే కొసకి, మూడు రోజుల్లో పాచి పడుతుంది. పాచి పట్టిన ప్రోబ్ రోజురోజుకీ తక్కువ చూపిస్తుంది. ఆ తగ్గుదలని యంత్రం చెరువు గుణంగా లెక్కేస్తుంది. రోజు విడిచి రోజు మెత్తటి గుడ్డతో తుడవాలి. తుడిచిన సమయం కూడా పుస్తకంలో రాయాలి. మా చెరువు మీద ఉండే మనిషి ఈ పని ఎంత శ్రద్ధగా చేశాడంటే, వానలో కూడా "అమ్మాయిగారూ, ఆరుంబావుకి తుడిచానండి" అని ఫోన్ చేసి చెప్పేవాడు. ఆయన పుస్తకం లేకపోతే నా దగ్గర సమీకరణం లేదు.

వెలుతురుకి చవగ్గా దొరికే బీహెచ్1750 సెన్సరు పెట్టాను. మామూలు సెట్టింగులో అది 65 వేల లక్స్ (వెలుతురు కొలత) దాటి చూపించలేదు. మన ఎండ మిట్టమధ్యాహ్నం లక్ష దాటుతుంది. గ్రాఫులో పదింటి నుంచి రెండింటి దాకా బల్లపరుపుగా గీత వస్తే కారణం అదే. తెల్లటి ఐస్‌క్రీమ్ డబ్బా మూత దాని మీద బోర్లిస్తే వెలుతురు తగ్గి, గీత మళ్ళీ గోపురంలా వస్తుంది. మనకి అసలు లక్స్ విలువ అక్కర్లేదు, హెచ్చుతగ్గులు చాలు. వచ్చిన అంకెలన్నిటినీ వాటిలో గరిష్ఠంతో భాగించి 0 నుంచి 1 మధ్యకి తెచ్చుకోండి. ఇది మర్చిపోతే పెద్ద చిక్కు. వెలుతురు వేలల్లో ఉంటే దాని గుణకం 0.00003 లాగా వస్తుంది. చిన్న గుణకం కదా అని యంత్రం దాన్ని తీసి పారేస్తుంది. ఎండతో పని లేని చెరువు తయారవుతుంది. ఏరియేటర్‌ని కూడా అలాగే, తిరిగేవి భాగించు నాలుగు అని రాశాను.

ఇక వేగం. ఈ పని మొత్తంలో ఎక్కువ మంది దెబ్బ తినేది ఇక్కడే. మా మీటరు 0.1 పీపీఎం (లీటరు నీటిలో ఇన్ని మిల్లీగ్రాములు అని) వరకే చూపిస్తుంది. పక్కపక్క రీడింగులు రెండు తీసి, తేడాని పది నిమిషాలతో భాగిస్తే, 0.1 తప్పు కాస్తా గంటకి 0.6 అయి కూర్చుంటుంది. రాత్రిపూట మా చెరువు మొత్తం గంటకి ఖర్చు పెట్టే ఆక్సిజనే 0.9. ఇంత గోలలో ఏ సమీకరణమూ వినపడదు. రెండు దారులున్నాయి. ఒకటి, సవిట్జ్‌కీ, గోలే 1964లో చెప్పిన పద్ధతిలో రెండు గంటల రీడింగులకి కలిపి ఒక నున్నటి వంపు గీసి, దాని వాలు తీసుకోవడం. రెండోది, వేగం జోలికే పోకుండా రెండు గంటల్లో మొత్తం ఎంత మారిందో, ఆ రెండు గంటల్లో ప్రతి పదం మొత్తం ఎంత అయ్యిందో పోల్చడం. పైసిండీలో దీన్ని వీక్ ఫామ్ అంటారు. కిరాణా కొట్లో ప్రతి బేరం దగ్గరా గల్లాపెట్టె లెక్కబెట్టకుండా సాయంత్రానికి ఒకసారి చూసుకోవడం లాంటిది. చిన్న తప్పులు ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. నాకు రెండోదే బాగా కుదిరింది.

ఒక జాగ్రత్త: ఏరియేటర్ వేసిన క్షణం, ఆపిన క్షణం మీదుగా వంపు గీయకండి. అక్కడ వాలు ఒక్కసారిగా మారుతుంది, నునుపు చేస్తే ఆ మార్పు చెరిగిపోతుంది. అసలు మనం తెలుసుకోవాలనుకున్నది ఆ మార్పే. స్విచ్ వేసిన ప్రతిచోటా డేటాని ముక్క చేసి, ఏ ముక్కకి ఆ ముక్క లెక్క కట్టండి.

చెరువుని కాస్త కదపాలి

మొదటి ఇరవై రోజుల డేటా వేస్తే యంత్రం చెప్పిన మాట: ఏరియేటర్ వేస్తే ఆక్సిజన్ తగ్గుతుంది. గుణకం మైనస్‌లో ఉంది. నాన్నగారికి చూపించాను. కాసేపు చూసి, "మనం వేసేది రాత్రిళ్ళే కదమ్మా, అది చూసింది కూడా రాత్రిళ్ళే" అన్నారు. సరిగ్గా అదే సంగతి. రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతాయి, పగలు ఆగి ఉంటాయి. ఏరియేటరూ చీకటీ ఎప్పుడూ జంటగానే కనిపిస్తే, ఆక్సిజన్ తగ్గడానికి ఏది కారణమో విడదీసే దారి యంత్రానికి లేదు. ఎన్ని నెలల డేటా ఉన్నా ఇది తీరదు.

విడదీయాలంటే జంట విడిపోయిన రోజులు కావాలి. పగలు పదకొండింటికి ఒక గంట ఏరియేటర్లు వేశాం. రాత్రి తొమ్మిదింటికి, డీవో 6 పైన ఉందని చూసుకుని, అరగంట ఆపాం. ఆ అరగంటా ఇద్దరం గట్టు మీదే, చేతిలో మీటరుతో, స్విచ్ పక్కనే ఉన్నాం. 5.5కి దిగితే వెంటనే వేసేయాలని ముందే అనుకున్నాం. అర్ధరాత్రి దాటాక ఇలాంటివి చేయకండి. ముసురు రోజు చేయకండి. రొయ్య పొర విడిచే రోజుల్లో అసలు చేయకండి. మాకు ఆరు రోజుల ప్రయోగం, అనుకోకుండా కరెంటు పోయిన రెండు సందర్భాలు, వెరసి చాలినంత డేటా దొరికింది. కరెంటు కోత అప్పుడు జనరేటర్ ఎక్కే లోపల ఉన్న ఆ కొద్ది నిమిషాల రీడింగులు బంగారం. అవి పారేయకండి.

బుట్టలో నేను వేసినవి: స్థిరాంకం, ఆక్సిజన్, వెలుతురు, వెలుతురు వర్గం, ఏరియేటర్, ఏరియేటర్ × ఆక్సిజన్, వెలుతురు × ఆక్సిజన్. ఏరియేటర్ × ఆక్సిజన్ ఎందుకంటే, నీళ్ళలో ఆక్సిజన్ ఎంత తక్కువ ఉంటే ఏరియేటర్ అంత ఎక్కువ కలపగలదు. హద్దుని 0.01 నుంచి 0.5 దాకా పది విలువలతో మార్చి చూశాను. పదాలు తగ్గేకొద్దీ తప్పు కొంతదాకా పెరగదు, ఒకచోట ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ మలుపు దగ్గర ఆగాలి. తర్వాత రోజుల్ని యథాలాపంగా కొన్ని తీసేసి యాభైసార్లు నడిపితే ప్రతిసారీ నిలిచినవి ఇవి:

ఆక్సిజన్ మారే వేగం = 2.2 × వెలుతురు − 0.9 + 2.05 × ఏరియేటర్ − 0.28 × ఏరియేటర్ × ఆక్సిజన్

వేగం గంటకి పీపీఎంలలో. దీన్ని మెల్లగా చదవండి. మొదటిది పచ్చటి నీళ్ళలో ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే సూక్ష్మమైన నాచు) ఎండకి చేసే ఆక్సిజన్. 0.9 అన్నది రొయ్యా, ప్లాంక్టన్, అడుగు బురదా కలిసి పెట్టే ఖర్చు. చివరి రెండూ కలిపి చూస్తే 0.28 × (7.3 − ఆక్సిజన్). ఆ 7.3ని నేను చెప్పలేదు. 2.05ని 0.28తో భాగిస్తే వచ్చింది. 30 డిగ్రీల మంచినీటిలో గాలి నుంచి కలవగల ఆక్సిజన్ ఏడున్నర పీపీఎం, మా చెరువులా కాస్త ఉప్పున్న నీటిలో అంతకన్నా కొంచెం తక్కువ. రసాయన శాస్త్రం పట్టికలో ఉండే అంకె, మా గట్టు మీద మీటరు రీడింగుల్లోంచి బయటికొచ్చింది. నాకు ఈ సమీకరణం మీద నమ్మకం కుదిరింది అక్కడే. 1956లో జీవావరణ శాస్త్రవేత్త హోవర్డ్ ఓడమ్ పారే నీళ్ళలో ఆక్సిజన్ లెక్కకి వాడిన రూపమూ ఇదే: ఎండలో తయారయ్యేది, ఖర్చయ్యేది, గాలితో ఇచ్చిపుచ్చుకునేది.

ఇందులోనే ఇంకో మాట ఉంది. మధ్యాహ్నం మూడింటికి డీవో 9 ఉన్నప్పుడు ఏరియేటర్ వేస్తే ఆ పదం మైనస్ అవుతుంది. నీళ్ళలో ఎక్కువైన ఆక్సిజన్‌ని గాలిలోకి ఊదేస్తున్నట్టు.

మీ బుట్టలో ఎంత తిప్పినా కుదరని వంపు ఉంటే, ఉదాహరణకి ఎండ ఎక్కువయ్యాక ప్లాంక్టన్ పని పెరగడం ఆగిపోయే తీరు, సిండీకి అది కష్టం. భిన్నాలూ ఘాతాలూ తనే కూర్చుకుని వెతికే పైఎస్ఆర్ అనే ఇంకో ప్యాకేజీ ఉంది. టైము ఎక్కువ తీసుకుంటుంది, గోల ఉన్న డేటాతో వింత సూత్రాలు కూడా ఇస్తుంది. సిండీ తర్వాతే దాని దగ్గరికి వెళ్ళమంటాను.

పరీక్ష మాత్రం ఒకే తీరుగా చేయండి. యంత్రానికి చూపించని రోజులు ఒక వారం పక్కన పెట్టండి. సాయంత్రం ఆరింటి రీడింగు ఒక్కటి ఇచ్చి, సమీకరణాన్ని తెల్లారేదాకా నడిపించండి. మధ్యలో ఏ రీడింగూ ఇవ్వొద్దు. మాకు ఉదయం ఆరింటికి వచ్చిన తేడా చాలా రోజుల్లో 0.4 లోపు. రెండు రోజులు మాత్రం 1 దాటింది. ఆ రెండూ ఈదురుగాలి రోజులు. గాలికి నీళ్ళు కదిలి కలిసే ఆక్సిజన్‌కి నా బుట్టలో పదమే లేదు, గాలి వేగం నేను కొలవలేదు. తప్పు ఎక్కడ ఎక్కువ వస్తుందో గంటల వారీగా గీసి చూస్తే బుట్టలో ఏం తక్కువైందో ఇలాగే తెలుస్తుంది.

వచ్చిన అంకెలతో ఏం చేశాం

కరెంటు పోతే ఎంత టైముందో ముందు లెక్క కట్టాం. తెల్లవారుజామున నాలుగింటికి డీవో 4.6 ఉండగా ఏరియేటర్లు ఆగితే, గంటకి 0.9 చొప్పున, రొయ్యకి ప్రమాదం మొదలయ్యే 3కి దిగడానికి గంటా ముప్పావు. ఆ అంకె మోటారు షెడ్డు తలుపు మీద సుద్దతో రాశాం.

ఈ గుణకాలు పంటంతా ఒకేలా ఉండవు. రొయ్య పెరుగుతుంది, మేత పెరుగుతుంది, బురద పెరుగుతుంది. పది రోజులకోసారి చివరి పదిహేను రోజుల డేటాతో గుణకాలు మాత్రం మళ్ళీ కట్టాలి. నలభయ్యో రోజుకి 0.9 ఉన్న ఖర్చు డెబ్బయ్యో రోజుకి 1.2 అయింది. రాత్రి వెలుతురు ఉండదు కాబట్టి, ఏరియేటర్లు ఎంతసేపు తిరిగినా ఆక్సిజన్ చేరి ఆగే చోటు 7.3 నుంచి, ఖర్చుని 0.28తో భాగించగా వచ్చింది తీసేస్తే తెలుస్తుంది. ఖర్చు 0.9 ఉంటే 4.1. 1.2 అయితే 3.0. ముసురులో పగలు కూడబెట్టింది ఏమీ ఉండదు కాబట్టి రాత్రి తొందరగానే అక్కడికి చేరుతుంది. తొంభై రోజులకి ఖర్చు 1.4 అయితే 2.3.

ఒక సాయంత్రం వసారాలో కూర్చుని ఈ మూడు అంకెలూ నాన్నగారికి వరసగా రాసి చూపించాను. పక్కన ఆరు ఏరియేటర్ల లెక్క కూడా వేశాను. 0.28 కాస్తా 0.42 అవుతుంది, 1.2 ఖర్చుకి 4.4 దగ్గర ఆగుతుంది. ఆయన కాగితం చాలాసేపు చూశారు. "అయితే ఆ రోజు నాలుగూ తిరిగినా సరిపోలేదన్నమాట" అన్నారు. ఆ రాత్రి రీడింగులు మా దగ్గర లేవు. కానీ అప్పుడు రొయ్య ఎనభై రోజులది.

మర్నాడు రెండు ఏరియేటర్లు దింపించారు. నాలుగు రాత్రుల తర్వాత మళ్ళీ కడితే 0.41 వచ్చింది. ఇప్పుడు పది రోజులకోసారి, మేత బస్తాల లెక్క రాసుకునే క్యాలెండర్లోనే ఆయన ఇంకో అంకె కూడా రాస్తున్నారు. ఆ రోజు నేను కాలేజీ నుంచి రావడం ఆలస్యమైతే ఫోన్ చేసి అడుగుతారు: "ఖర్చు ఎంతొచ్చిందమ్మా?"